బీరు మిత్రుడికి పొద్దటి కల్లు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లలో ఏ స్నేహితుల గుంపును చూసినా బీరు విషయంలో పట్టింపున్న మనిషి ఒకడైనా ఉంటాడు. పొద్దున మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీలో దిగుతాడు. శుక్రవారం సాయంత్రం అటే ఏదో మైక్రోబ్రూవరీలో కూర్చుంటాడు. గ్లాసు ఎత్తి వెలుతురులో చూస్తాడు, వాసన చూస్తాడు, ఆ తర్వాతే గుక్క వేస్తాడు. మన చౌరస్తాల్లో వైన్స్ షాపుల ముందు జనం ఎగబడి కొనే స్ట్రాంగ్ బీరును ముట్టనైనా ముట్టడు. ఇక కల్లు పేరెత్తితే పులుపు, కంపు, తలనొప్పి అని మూడు మాటల్లో తేల్చేస్తాడు.

నాకూ అలాంటి మిత్రుడున్నాడు. చైతన్యపురిలో ఉంటాడు. అతని పట్టింపును నేనెప్పుడూ లోపమనుకోలేదు. ఇది దేనితో చేశారు, ఎప్పుడు చేశారు, ఎవరు చేశారు అని అడిగి మరీ తాగేవాడికి రుచి విలువ తెలుసు. కల్లుకు కావలసింది సరిగ్గా అలాంటి నాలుకే. ఏది పోసినా తాగుతారన్న ధీమాతోనే కదా కొందరు అమ్మకందార్లు మన నగరంలో కల్లును పాడుచేసింది!

అమెరికాలో చదువుకునే రోజుల్లో డల్లాస్‌లో వాళ్ల బావ గరాజ్‌లో కాచిన బీరు తాగానని అతను ఇప్పటికీ తలుచుకుంటాడు. 1978లో అక్కడి ఫెడరల్ చట్టం మారి, సొంత వాడకానికి ఇంట్లో బీరు కాచుకునే వీలు దొరికాక అదొక పెద్ద వ్యాపకమైంది. మన తెలుగు కుర్రాళ్లు కూడా అక్కడ బకెట్లు, గొట్టాలు, థర్మామీటర్లు పెట్టుకుని దిగుతారు. ఇక్కడ ఆ ముచ్చట తీరదు. ఉమ్మడి రాష్ట్రంలో 1968లో వచ్చి ఇప్పటికీ అమల్లో ఉన్న ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా బీరు కాస్తే నేరం. మిత్రుడు బెంగపెట్టుకున్నది ఆ బీరులోని మూడు గుణాల మీద: తాజాగా ఉండటం, వడపోతలతో ప్రాణం పోకుండా ఉండటం, చేసినవాడి ముఖం మనకు తెలిసి ఉండటం. ఆ మూడూ ఎల్బీనగర్ రింగ్‌రోడ్డు నుంచి విజయవాడ హైవే మీద గంట పోతే ఈత చెట్టుకు వేలాడుతూ ఉంటాయని నేను వాదించాను. మైక్రోబ్రూవరీలు ఎక్కువగా నగరానికి పడమట ఉంటే ఉండనీ, చెట్లు మన తూర్పు దారిలో ఉన్నాయి.

మాటలతో మాత్రం అతను లొంగలేదు. బీరు తెలిసినవాడికి పని తీరు చూపిస్తేనే నమ్మకం కుదురుతుంది.

బీరు కాచేవాడి కష్టంలో సగం గింజలోని పిండిని చక్కెరగా మార్చడానికే పోతుంది. బార్లీని నానబెట్టాలి, మొలకెత్తించాలి, ఎండబెట్టాలి, మర ఆడించి వేడినీళ్లలో కలపాలి. అప్పుడు మొలకలో పుట్టిన ఎంజైములు పిండిని చక్కెర చేస్తాయి. ఆ తీపి నీటిని హాప్స్ వేసి మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపి రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి ఆగాలి. ఈత చెట్టు ఆ మొదటి సగాన్ని తానే చేసిపెడుతుంది. పెరగడానికి దాచుకున్న తీపి నీరు మొవ్వు వైపు పోతుంటే గౌడన్న దాన్ని దారి మళ్లిస్తాడు. అందులో 10 నుంచి 15 శాతం దాకా చక్కెర ఉంటుంది. మొలకెత్తించే పని లేదు, పొయ్యి పని అంతకన్నా లేదు.

దారి మళ్లించడమే అసలు విద్య. చలికాలం మొదట్లో ఈత చెట్టు తలకు ఒక పక్క కమ్మలు కొట్టేసి, అక్కడి లేత కాండాన్ని చెక్కి ఆరనిస్తారు. ఆ తర్వాత పలచగా గీత పెడతారు. రెండు పక్కల నుంచి వాలుగా దిగి ఒకచోట కలిసే ఆ గీతల కింద చిన్న చీలిక గుచ్చితే, దాని మీదుగా రసం చుక్కచుక్కగా లొట్టిలో పడుతుంది. లోతుగా గీస్తే మొవ్వు దెబ్బతిని చెట్టు చస్తుంది. భయపడి పైపైన గీస్తే రసం రాదు. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడా గోరు మందం కూడా ఉండదు, అది కత్తి పట్టిన చేతికే తెలియాలి. చెట్టును రోజూ గీయరు, కొన్నాళ్లు గీసి కొన్నాళ్లు విడుస్తారు. మరుసటి ఏడు గీత పెట్టే పక్క మారుస్తారు. అందుకే చాలా ఏళ్లు గీసిన ఈత చెట్టు కాండం మీద అటొక గాటు, ఇటొక గాటు వరసగా పైకి పోతుంటాయి. వాటిని లెక్కపెడితే ఆ చెట్టు ఎన్ని సీజన్లు కల్లిచ్చిందో తెలిసిపోతుంది. బీరు సీసా మీద తేదీ చూడనిదే ముట్టని మా మిత్రుడు ఆ గాట్ల దగ్గర చాలాసేపు నిలబడిపోయాడు.

తాడిచెట్టు సంగతి వేరు. అక్కడ కాండం జోలికి పోరు. పూగెలను కట్టి, నొక్కి మెత్తబరచి, కొసను పలచగా కోసి లొట్టి కడతారు. కోత ఆరితే రసం దారి మూసుకుపోతుంది కాబట్టి పొద్దునా సాయంత్రం ఎక్కాలి, మళ్లీ పలచగా కోయాలి. ఒక్కపూట తప్పినా ఆ గెల చేజారినట్టే. కాయ కాయని మగ తాడును పోద్దాడు అంటారు. మగదీ ఆడదీ రెండూ కల్లిస్తాయి, వాటి కాలాలు వేరు. తాడిచెట్టు 30 మీటర్ల ఎత్తు దాకా పెరుగుతుంది. ఆ ఎత్తుకు నడుముకు ముస్తాదు, చెట్టును చుట్టిన మోకు, కాళ్లకు గుజి, ఇవే ఆధారంగా మనిషి రోజుకు ఎన్నో చెట్లు ఎక్కి దిగుతాడు.

అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక హైవే దిగి లోపలికి పోతే చెరువు కట్టల వెంట, పొలం గట్ల మీద ఈత చెట్లు ఇంకా కనిపిస్తాయి. వెంచర్ల రాళ్లు పాతిన చోట మాత్రం అవి పోయాయి. మేం తెల్లవారకముందే బయలుదేరాం. ఈత రసం చల్లటి రాత్రి బాగా దిగుతుంది, వెచ్చబడేకొద్దీ తొందరగా పులుస్తుంది. కాబట్టి కల్లు తెలిసినవాడు ఎండ ఎక్కకముందే చెట్టు కింద ఉంటాడు.

"గౌడన్నా, ఇది ఎప్పటి లొట్టి?" అని మిత్రుడే మొదట అడిగాడు.

"మాపటికి కట్టిన సారూ, ఇప్పుడే దించిన. నువ్వే సూస్తున్నవు గద."

ముందు నీరా తాగించాను. లొట్టి లోపల సున్నం పూసి కడితే రసం పులవదు, నీళ్లలా తేటగా, తియ్యగా ఉంటుంది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023 మేలో తెరిచిన నీరా కేఫ్‌లో దొరికేదీ ఈ పులవని రసమే. మద్యం ముట్టనివారు కూడా దాన్ని తాగొచ్చు. తర్వాత గౌడన్న సున్నం పూయని లొట్టి అందుకున్నాడు. మీద నురగ తేలుతోంది. నురగ పక్కకు తోసి, గుడ్డలో వడగట్టాడు. తాటాకు రేకను మధ్యకు మడిచి దోసిలిలో పట్టుకోమన్నాడు. పైనుంచి సన్నని ధారగా పోస్తుంటే ఆకు వాసనా కల్లు వాసనా కలిసి ముక్కుకు తగిలాయి. రేకను కింద పెట్టలేం, పెడితే ఒలికిపోతుంది. పోసినంతా తాగేదాకా మరో పని ఉండదు. గాజు గ్లాసులో పోసుకుంటే ఈ పచ్చి ఆకు వాసన రాదు. అందుకే మొదటిసారి తాగేవాళ్లకు రేకతోనే ఇప్పించాలంటాను.

మిత్రుడు ఒక గుక్క నోట్లో తిప్పి ఆగాడు. "ఇందులో అరటిపండు వాసన వస్తోందిరా" అన్నాడు. నేను కోరుకున్న మాట అదే.

అతనికి ఇష్టమైన జర్మన్ గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసనలుంటాయి. అవి పండు వేసినందువల్ల వచ్చినవి కావు. ఈస్ట్ చక్కెరను తింటూ విడిచే ఎస్టర్లు, ఫీనాళ్ల వాసనలవి. ఆ బీరు మబ్బుగా కనిపించడానికి కారణాల్లో వడగట్టకుండా వదిలేసిన ఈస్ట్ ఒకటి. కల్లు తెల్లగా ఉండటానికీ కారణం ఇలాంటిదే. చెట్టు నుంచి దిగే రసానికి రంగు లేదు. కోట్ల కొద్దీ పెరిగిన ఈస్ట్, బ్యాక్టీరియాలే దాన్ని పాలలా తెల్లగా చేస్తాయి. గోధుమ బీరు ఇష్టపడే నాలుకకు తెల్లారగట్ల ఈత కల్లు తొందరగా నచ్చుతుందని నేను ధైర్యంగా చెప్పగలను. హాప్స్ చేదు కోరుకునేవారికి మాత్రం కల్లులో ఆ చేదు దొరకదు. వాళ్లకు ఈత కల్లుకన్నా కాస్త ఘాటైన తాటి కల్లుతో మొదలుపెట్టడం మంచిది.

"మరి ఈస్ట్ ఎవరు వేశారు?" అన్నది అతని తర్వాతి ప్రశ్న. ఎవరూ వేయరు. మట్టి లొట్టి సన్నటి రంధ్రాల్లో నిన్నటి కల్లు తాలూకు ఈస్ట్ బతికే ఉంటుంది. గాలి, పురుగులు, చెట్టు బెరడు మరికొంత తెస్తాయి. అందులో బీరు కాచేవాళ్లు వాడే శాకరోమైసిస్ సెరవిసియే కూడా ఉంటుంది. దాంతోపాటు జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా చక్కెరను చకచకా ఆల్కహాల్‌గా మారుస్తుంది. లాక్టిక్ బ్యాక్టీరియా పులుపు తెస్తుంది. ఇవన్నీ ఒక్కసారిగా పనిలోకి దిగుతాయి కాబట్టే బీరుకు రోజులు, వారాలు పట్టే పని కల్లుకు గంటల్లో అయిపోతుంది. 1516లో బవేరియా పాలకులు బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప మరేవీ ఉండకూడదని శాసించినప్పుడు ఈస్ట్ మాటే లేదు, అలాంటి జీవి ఉందని వాళ్లకు తెలియదు. కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ 1883లో శుద్ధమైన ఈస్ట్‌ను వేరుచేసి పెంచేదాకా బీరు కాచేవాళ్లు కూడా పాత పీపాల మీద, పాత మడ్డి మీద ఆధారపడ్డవాళ్లే. బెల్జియంలో బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ అనే పుల్లటి బీరును ఇప్పటికీ ఈస్ట్ వేయకుండానే చేస్తారు. చలికాలపు రాత్రుల్లో తీపి నీటిని పెద్ద వెడల్పు తొట్లలో తెరిచి ఉంచితే గాలిలోని సూక్ష్మజీవులే వచ్చి పులియబెడతాయి. ఆ సీసాలకు లోకమంతటా పేరు, మంచి ధర ఉన్నాయి. ఆ పద్ధతిని మెచ్చుకునేవాడు మన లొట్టిని చూసి ముక్కు మూసుకోవడం న్యాయం కాదని నేనంటే, మిత్రుడు అవునన్నాడు.

ఇక్కడ ముఖ్యమైన సంగతి వేళ. కల్లు నచ్చలేదనేవాళ్లలో చాలామంది తప్పు వేళకు తాగినవాళ్లే. దించిన వెంటనే తీపి ఎక్కువ, మత్తు తక్కువ. కొన్ని గంటలు గడిస్తే తీపి తగ్గి, నాలుక మీద చురుక్కుమనే గ్యాసు, సన్నని పులుపు, నాలుగైదు శాతం దాకా ఆల్కహాల్ వస్తాయి. బీరు తాగేవాళ్లకు నచ్చే ఘడియ ఇదే. సాయంత్రానికి పులుపు పైచేయి అవుతుంది. మర్నాటికి అది సిర్కా అయ్యే దారి పడుతుంది. ఒకే లొట్టిలోంచి ఒక పూటలో ఇన్ని రుచులు తీసుకోవచ్చు, కానీ ఏదీ నిలవదు. సీసాలో పోసి మూత బిగించి ఇంటికి తెచ్చుకుంటే గ్యాసు పెరిగి సీసా పగిలే ప్రమాదముంది. మూత వదులుగా పెట్టి, చల్లగా ఉంచి, ఆ పూటకే ముగించాలి.

నంజుడు గురించి ఒక్క మాట. మిత్రుడికి బ్రూవరీలో చీజ్ పెట్టిన ప్లేటు అలవాటు. కల్లుకు ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి తాళింపు పెట్టిన శనగ గుడాలు ఉండాలి. కారం మండిన నోటికి కల్లు తీపి తగిలితే రెండింటి రుచీ పెరుగుతుంది. బోటీ కూర దొరికితే ఇంకేం కావాలి!

ఇప్పుడు చేదు నిజం. తెలుగు పాఠకుడికి కల్లు గురించి రాస్తూ దీన్ని దాటేసేవాడు మోసం చేస్తున్నట్టే. 2004లో హైదరాబాద్ నగరంలో కల్లు దుకాణాలు మూతపడ్డాయి. తెలంగాణ వచ్చాక 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు, ఎంతోమంది ఆస్పత్రుల పాలయ్యారు. క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, ఆల్ప్రజోలం వంటి మత్తుమందులు నీళ్లలో, తీపిలో కలిపి కల్లు పేరుతో అమ్మే దందా మన రాష్ట్రంలో ఏళ్లుగా ఉంది. దానికి అలవాటుపడ్డవాళ్లకు అది ఒక్కసారిగా ఆగితే ఫిట్స్ వస్తాయి, మతి చలిస్తుంది. కూలి పని ముగించుకుని వచ్చి రోజూ తాగే పేదవాడే దీనికి బలవుతున్నాడు.

ఈ మందు కలిపారో లేదో రుచి చూసి కనిపెట్టగలమని ఎవరైనా అంటే నమ్మకండి. నాలుకకు అది తెలియదు. బుర్రతో మాత్రం తెలుసుకోవచ్చు. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి పులుస్తుంది. ఈత చలికాలంలో బాగా పారుతుంది, తాడికి దాని కాలాలు దానికున్నాయి. మరి నగరం నడిబొడ్డున, ఏడాది పొడవునా, పొద్దున్నించి రాత్రిదాకా, ఒకే తీపి, ఒకే మత్తుతో దొరికేది ఏ చెట్టు నుంచి వచ్చినట్టు? చెట్లు తగ్గాయి, అమ్మకం తగ్గలేదు. ఆ తేడాను మందు బిళ్లలు పూడుస్తున్నాయి.

శుభ్రత మాటా చెప్పాలి. బంగ్లాదేశ్‌లో ఇదే ఈత జాతి చెట్ల పచ్చి రసం తాగినవారికి గబ్బిలాల నుంచి నిపా వైరస్ సోకింది. రాత్రి గబ్బిలాలు గీతను నాకడం, లొట్టిలో మూత్రం పోయడం దానికి కారణమని తేలాక, గీత మీదా కుండ మీదా వెదురు తడికలు కట్టే పద్ధతిని అక్కడ ప్రచారం చేశారు. మన గౌడన్నలు కూడా లొట్టి మూతికి, గీతకు అడ్డు కట్టడం నేర్చుకోవాలి. కట్టినవాడి కల్లుకు పది రూపాయలు ఎక్కువిచ్చినా తప్పులేదు.

గీత పనికి విలువ కట్టేటప్పుడు రుచితో ఆగకూడదు. బోనాల్లో అమ్మవారికి కల్లు శాక పోసే నేల ఇది. గీత కులాలు కాటమయ్యను కొలిచి మోకు పట్టుకుంటాయి. నిజాం కాలం నుంచి ఆబ్కారీ కంట్రాక్టర్ల కింద నలిగిన ఈ వృత్తికి హక్కులు కావాలని సూర్యాపేటకు చెందిన బొమ్మగాని ధర్మభిక్షం వంటివారు సంఘం కట్టి పోరాడారు. గీసేవాడికే చెట్టు అన్న డిమాండు ఆ పోరాటాలదే. నేడు సహకార సంఘాలకు, విడిగా గీత కార్మికులకు చెట్ల లైసెన్సులు ఉన్నాయంటే ఆ పోరాటాల పుణ్యమే. అయినా మోకు జారి పడి చనిపోయేవారు, నడుము విరిగి మంచాన పడేవారు ఏటా ఉంటూనే ఉన్నారు. 2024 జులై 14న మన పక్కనే అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో భద్రతా కిట్ల పంపిణీ మొదలుపెట్టారు. పట్టు తప్పినా మనిషి కింద పడకుండా చెట్టుకే ఆపే సాధనాలవి. చెట్టెక్కే ప్రతి ఒక్కరికీ అవి అందాలి. బీరు సీసా ధర అడగకుండా చెల్లించే మనం, ప్రాణాన్ని మోకుకు కట్టి దించిన లొట్టి దగ్గర బేరమాడటం సిగ్గుచేటు.

మా మిత్రుడు బీరు మానలేదు, మానమని నేనూ అడగలేదు. చలికాలం ఆదివారాల్లో మాత్రం తనే ఫోన్ చేసి లేపుతున్నాడు. కారు నడపడానికి తాగని మనిషిని ఒకరిని ఖాయం చేసుకున్నాకే బయలుదేరుతాం, అందులో రాజీ లేదు. అతని పట్టింపు పిసరంత కూడా తగ్గలేదు. ఏ చెట్టు, ఎప్పుడు కట్టారు, సున్నం లొట్టా మామూలు లొట్టా అని అడిగి అడిగి గౌడన్నతో స్నేహం కట్టాడు. అలా అడిగేవాడిని చూస్తే నిజాయితీగా గీసేవాడికి ముచ్చటేస్తుంది, కల్తీ చేసేవాడికి చిరాకేస్తుంది.

మీ గుంపులోనూ అలాంటి బీరు మిత్రుడుంటే ఈ చలికాలం అతన్ని పొద్దున్నే హయత్‌నగర్ దాటించండి. లొట్టి మీ కళ్ల ముందు చెట్టు దిగితేనే తాగండి. ఏ చెట్టుదో, ఏ వేళదో అమ్మేవాడు చెప్పలేకపోతే డబ్బు జేబులోనే ఉంచుకుని వెనక్కి వచ్చేయండి.